మూడో ఫ్యూజు

మా వీధిలో ఒక అమ్మాయి ఈమధ్యే ఐటీఐ పూర్తి చేసింది. భీమవరం దగ్గర రొయ్యల మేత తయారుచేసే ప్లాంటులో అప్రెంటిసుగా రమ్మన్నారట. ఇళ్లకు వైరింగు చేసే కాంట్రాక్టరు ఒకాయన కూడా రమ్మన్నాడట. "యూనియన్ ఉన్న చోట చేరితే మంచిదా ఆంటీ, లేని చోటా?" అని నన్ను అడిగింది. ముప్పై అయిదేళ్లు ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరైన మనిషిని కాబట్టి ఒక్క ముక్కలో చెప్పేస్తానని అనుకుంది పాపం. నేను మా ఫ్యాక్టరీలో జరిగిన పదకొండు రోజుల సమ్మె గురించి మొదలుపెట్టాను. సగంలో ఉండగా బస్సు టైమైందంటూ లేచి వెళ్లిపోయింది. ఆ కథంతా ఆ పిల్ల కోసమూ, ఆ పిల్లలాంటి మిగతావాళ్ల కోసమూ ఇక్కడ రాస్తున్నాను.

నేను చేరింది గోదావరి కాలువ పక్కనున్న ఒక చక్కెర ఫ్యాక్టరీలో. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. వాళ్లలో కొందరు ఇప్పటికీ కూరగాయల బజారులో ఎదురవుతుంటారు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివినవాళ్లు ఏదైనా ఫ్యాక్టరీలో ఏడాదిపాటు అప్రెంటిసుగా పనిచేసి, ఆఖర్న పరీక్షకు వెళ్లాలి. మా బ్యాచిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. మా నాన్న రావులపాలెం అరటి మార్కెట్లో లారీలకు గెలలు ఎత్తేవారు. నేను పనిలోకి బయలుదేరిన రోజున ఆయన చెప్పింది ఒకటే. "యూనియనోళ్లతోనూ మర్యాదగా ఉండు, ఆఫీసర్లతోనూ మర్యాదగా ఉండు." ఇద్దరూ ఒకే రోజున చెరో మాటా చెబితే ఏం చేయాలో మాత్రం చెప్పలేదు.

ఎలక్ట్రికల్ షాపులో పధ్నాలుగు మంది మగవాళ్లు. పంజాబీ డ్రెస్సు మీద మా అన్నయ్య ఖాకీ చొక్కా తొడుక్కుని నేను గుమ్మంలో నిలబడితే, అందరూ టీ గ్లాసులు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు. నన్ను ఎవరికి అప్పగించాలా అని కాసేపు చర్చ జరిగింది. చివరికి మూలనున్న ఒక పెద్దాయన, "నా దగ్గర ఉండనివ్వండి. మా ఇంట్లో ముగ్గురూ ఆడపిల్లలే, నాకు అలవాటే" అన్నారు. ఆయన్ని అందరూ మేస్త్రి గారనేవారు. నేనూ అలాగే పిలిచాను. యాభై దాటిన మనిషి, పొడుగ్గా ఉండేవారు, తక్కువ మాట్లాడేవారు. యూనియన్ కమిటీలో సభ్యుడు.

"ఏం వచ్చమ్మా నీకు?" అని అడిగారు.

నేను ఓమ్స్ లా మొదలుకొని ట్రాన్స్‌ఫార్మర్ దాకా గడగడా చెప్పాను. ఆయన అడ్డు రాకుండా మొత్తం విన్నారు.

"బావుందమ్మా. ఇవాళ మాత్రం నిచ్చెన ఎలా పట్టుకోవాలో నేర్చుకుందువుగాని."

మొదటి రెండు నెలలూ నా పని అదే. నిచ్చెన పట్టుకోవడం, అడిగిన స్పానరు అందించడం, మోటార్ల మీద చెరకు పిప్పి దుమ్ము తుడవడం. ఆడవాళ్ల బాత్రూము ఆఫీసు బిల్డింగులో తప్ప ఎక్కడా లేదు. అక్కడికి వెళ్లి రావాలంటే పావుగంట. మొదటి వారం నేను మంచినీళ్లు తాగడం మానేశాను. మేస్త్రి గారు అది కనిపెట్టారు కానీ నాతో ఏమీ అనలేదు. రోజూ పదింటికీ, మూడింటికీ ఏదో ఒక కాగితం నా చేతికిచ్చి, "ఇది ఆఫీసులో ఇచ్చిరామ్మా, కంగారేం లేదు" అనేవారు. ఆ కాగితాలు చాలా వరకు ఉత్త తెల్లకాగితాలని నెల రోజులకు గాని నాకు తెలియలేదు.

మా పనిలో ఆయన మరీ మరీ చెప్పిన నియమం ఒకటుంది. ఏదైనా పెద్ద మోటారు మీద చెయ్యి వేసే ముందు ప్యానెల్ గదికి వెళ్లి, ఆ మోటారుకు కరెంటు పంపే మూడు ఫ్యూజులూ పీకి, మనతోనే ఉంచుకోవాలి. అక్కడ పేరు రాసిన అట్టముక్క వేలాడదీయాలి. పని పూర్తయ్యాక ఎవరు పీకారో వాళ్లే వచ్చి పెట్టాలి. మరొకరు పెట్టడానికి లేదు. ఎందుకంటే ప్యానెల్ గది ఒకచోట, మోటారు ఎక్కడో రెండు గోడల అవతల. ఇక్కడి నుంచి చూస్తే అక్కడ ఎవరున్నారో కనిపించదు.

నేను చేరిన మూడో నెలలో సమ్మె గురించి మాటలు మొదలయ్యాయి. చెరకు ఆడే నాలుగయిదు నెలలూ పనిలో పెట్టుకుని, సీజను అయిపోగానే ఇంటికి పంపేసే కార్మికులు మా దగ్గర చాలామంది ఉండేవారు. పదిహేనేళ్లుగా అలా వచ్చిపోతున్న వాళ్లున్నారు. వాళ్లను పర్మనెంటు చేయాలని యూనియన్ పట్టుబట్టింది. సీజను మొదలవడానికి మూడు వారాల ముందు నోటీసిచ్చారు. యాజమాన్యం కదల్లేదు.

యూనియన్ కార్యదర్శి గారు ఒకరోజు మా షాపుకొచ్చారు. గొంతు పెద్దది, మనసు మెత్తన. నన్ను చూసి, "నువ్వు సమ్మెలో కూర్చోకూడదమ్మా. నువ్వు కార్మికురాలివి కాదు, శిక్షణలో ఉన్నదానివి. నీ కాగితాల్లో అలాగే రాసుంటుంది. రోజూ వచ్చి హాజరు వేయించుకో. మావాళ్లెవరూ నిన్ను ఏమీ అనరు" అన్నారు. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. మూడు నెలలుగా వాళ్లతో కలిసి గ్రీజు పూసుకుంటున్నాను. తీరా పెద్ద పని ఒకటి వచ్చేసరికి నన్ను లెక్కలోంచి తీసేశారు.

సమ్మె మొదలైన ఉదయం మేస్త్రి గారూ నేనూ కన్వేయర్ మోటారు దగ్గరున్నాం. కన్వేయర్ అంటే చెరకు గడలను మిల్లులోకి మోసుకెళ్లే పెద్ద ఇనుప పట్టా. అది ఒక లోతైన గోతిలోంచి పైకి లేస్తుంది. దాన్ని తిప్పే మోటారు ఆ గోతి గట్టు మీద ఉంటుంది. ఆయన ఫ్యూజులు పీకి చేతిసంచిలో వేసుకుని, మోటారు పరీక్ష కోసం దానికి వచ్చే మూడు లావుపాటి తీగలనూ ఊడదీశారు. అవి గోడ పక్కగా పైకి వంగి ఉన్నాయి. పరీక్ష సగంలో ఉండగా సైరన్ మోగింది. పది గంటలు.

యూనియన్ కుర్రాడొకడు పరిగెత్తుకొచ్చాడు. "మేస్త్రి గారూ, కమిటీ వాళ్లంతా గేటు దగ్గరికి రావాలంటండి."

ఆయన పనిముట్లు సర్దుకుంటూ నాతో, "ఈ తీగల కొసలకు గట్టిగా టేపు చుట్టి, పైకి కట్టేసి రామ్మా" అన్నారు. ఆయన వెళ్లిపోయారు.

నేను టేపు చేతిలోకి తీసుకున్నాను. అప్పటికే నాలుగు వైపుల నుంచీ జనం గేటు వైపు నడుస్తున్నారు. నినాదాలు వినిపిస్తున్నాయి. జీవితంలో అంతకుముందు నేను సమ్మె చూడలేదు. తర్వాత వచ్చి చుట్టొచ్చులే అనుకుని, టేపు చొక్కా జేబులో పెట్టుకుని నేనూ పరిగెత్తాను.

గేటు దగ్గర ఆ జనంలోనే ఆయన వెనక్కి తిరిగి, "చుట్టావా?" అని అడిగారు.

"చుట్టానండి" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. అబద్ధం ఆడదామని అనుకోలేదు. నోటికి ముందుగా వచ్చిన మాట అదే. మర్నాడు చుట్టేద్దామనుకున్నాను. మర్నాడు మిల్లు వైపు తాళాలు వేశారు, నన్ను షాపులోనే కూర్చోమన్నారు. మూడో రోజుకు దాదాపు మరిచిపోయాను.

అయిదో రోజు మధ్యాహ్నం పన్నెండవుతుండగా అసిస్టెంట్ ఇంజనీరు గారు మా షాపుకొచ్చారు. నాకంటే ఆరేళ్లు పెద్దవారేమో. మంచివారే కానీ, పైవాళ్లు పిలిస్తే చాలు చెమటలు పట్టేవి. ఆ రోజు చొక్కా అంతా తడిసిపోయి ఉంది.

"రెండింటికి చెరకు రైతులు వస్తున్నారమ్మా. సీజను టైముకు మొదలవుతుందా లేదా అని వాళ్ల బాధ. కన్వేయర్ తిరుగుతుంటే చూపించి పంపాలని మేనేజరు గారు పట్టుబట్టారు. దాని ఫ్యూజులు లేవు. ఇవిగో, స్టోరులోంచి కొత్తవి తెచ్చాను. పెట్టి, ఒకసారి స్విచ్ వేసి చూడు."

"అవి పీకింది మేస్త్రి గారండి. ఆయనే పెట్టాలండి" అన్నాను.

"ఆయన సమ్మెలో ఉన్నారు కదా. సమ్మె ఎప్పుడు అవుద్దో ఎవరికి తెలుసు? నువ్వు సమ్మెలో లేవు. నీ శిక్షణ రికార్డు మీద సంతకం పెట్టేది నేను, మేస్త్రి గారు కాదు."

కోపంగా అనలేదు. బతిమాలుతున్నట్టే అన్నారు. నాకు మాత్రం ఆ సంతకం ఒక్కటే వినిపించింది. అది లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే ఉద్యోగం లేదు.

ప్యానెల్ గదికి వెళ్లాం. మేస్త్రి గారి చేతిరాతతో అట్టముక్క వేలాడుతోంది. అప్పుడు గుర్తొచ్చాయి ఆ మూడు తీగలు. టేపు లేకుండా, మోటారుకు తగిలించకుండా అలాగే ఉన్నాయని నాకు ఒక్కదానికే తెలుసు. ఆ మాట ఆ క్షణంలోనే ఇంజనీరు గారితో చెప్పాల్సింది. చెబితే, చుట్టమన్న టేపు ఎందుకు చుట్టలేదని అడుగుతారు. ఆ సంగతి గేటు దాకా వెళ్తుంది. మేస్త్రి గారికి తెలుస్తుంది.

నా బుర్ర ఎంత చురుగ్గా పనిచేసిందో చూడండి. తీగలు మోటారుకు లేవు కాబట్టి స్విచ్ వేసినా కన్వేయర్ తిరగదు. మోటారు పాడైందనుకుని ఇంజనీరు గారు వెళ్లిపోతారు. సమ్మె వల్ల అక్కడ మనుషులెవరూ లేరు. తీగలు గాల్లో ఉన్నాయి. ఎవరికీ నష్టం లేదు. నా తప్పు బయటపడదు. ఆఫీసరు మాట విన్నట్టే ఉంటుంది, సమ్మె చెడగొట్టినట్టూ ఉండదు. ఇరవయ్యేళ్ల వయసులో ఇంతకంటే తెలివైన ఉపాయం ఉండదనిపించింది.

మొదటి ఫ్యూజు పెట్టాను. రెండోది పెట్టాను. మూడోది చేతిలోకి తీసుకుని ఆగిపోయాను.

నన్ను ఆపింది మంచితనం అని రాసుకోవడానికి ఇప్పుడెవరూ అడ్డుపడరు కానీ, అది నిజం కాదు. ఆ ప్యానెల్ మీద నేను ఒక్కదాన్నే ఎప్పుడూ స్విచ్ వేయలేదు. పక్కన మేస్త్రి గారు లేకుండా ఆ పని చేయడం నాకు చేతకాలేదు. అంతే.

"నావల్ల కాదండి. ఒక్కసారి మేస్త్రి గారిని అడిగొస్తాను" అన్నాను. ఆయన ఏదో అంటున్నా వినిపించుకోకుండా బయటికొచ్చేశాను. మూడో ఫ్యూజు నా గుప్పిట్లోనే ఉండిపోయింది.

గేటు బయట తాటాకు పందిరి కింద నూట యాభై మంది దాకా ఉన్నారు. కొందరు పేకాడుతున్నారు, కొందరు పులిహోర పొట్లాలు పంచుతున్నారు. మేస్త్రి గారు కమిటీ వాళ్ల మధ్య కూర్చుని కరపత్రం చదువుతున్నారు. నన్ను చూసి లేచారు.

"ఏంటమ్మా?"

"కన్వేయర్ ఆన్ చేయమంటున్నారండి."

పక్కనే ఉన్న కార్యదర్శి గారు విన్నారు. "చూశారా, చిన్నపిల్లతో చేయించుకుందామని. నువ్వు చేయనని చెప్పెయ్యమ్మా. మేమున్నాం."

అప్పుడు చెప్పాను. అంతమంది వింటుండగా, తల దించుకుని, "ఆ తీగలకు టేపు చుట్టలేదండి. మొన్న అబద్ధం చెప్పాను" అన్నాను.

మేస్త్రి గారు కరపత్రం మడిచి కార్యదర్శి గారి చేతిలో పెట్టి, కింద ఉన్న తన సంచి తీసుకున్నారు.

"ఎక్కడికండి?" అన్నారు కార్యదర్శి గారు.

"లోపలికి. ఆ తీగల సంగతి చూసొస్తాను."

"అలా కుదరదండి. మీరు కమిటీ మెంబరు. మీరు గేటు దాటితే సమ్మె విరిచినట్టే. రేపు ఇంకొకడు ఇంకో కారణం చెప్తాడు. అమ్మాయి వెళ్లి టేపు చుడుతుంది, చాలదూ?"

"ఫ్యూజు పీకింది నేనండి. అవతల ఎవరికైనా ఏమైనా అయితే కంపెనీ మీద పెట్టలేం, ఈ పిల్ల మీద పెట్టలేం. మీరు రాసుకోండి, నేను దాటాననే రాసుకోండి."

పేకాడేవాళ్లు ముక్కలు దించేశారు. ఎవరూ అరవలేదు, ఎవరూ దారికి అడ్డం రాలేదు. ఆయన గేటు దాటి లోపలికి నడిచారు. వెనకాల నేను. వాచ్‌మన్ తాళం తీస్తూ ఆయన మొహం వైపు చూడలేకపోయాడు.

మిల్లు దగ్గరికి వెళ్లేసరికి నీళ్ల చప్పుడు, ఆడవాళ్ల మాటలు వినిపించాయి. కన్వేయర్ గోతిలో నలుగురు ఆడవాళ్లు పైపుతో నీళ్లు కొడుతూ పాత పిప్పి ఎత్తిపోస్తున్నారు. కాంట్రాక్టరు ఆ ఉదయమే వెనక గేటు నుంచి వ్యానులో తీసుకొచ్చాడట. గట్టంతా తడి. మోటారు పక్కన గోడ దగ్గర, పైకి వంగిన ఆ మూడు తీగలకూ వాళ్ల అన్నం సంచులు వేలాడుతున్నాయి. స్టీలు క్యారేజీలు, ఒక చెంబు, ఒక తడి తువ్వాలు. ఒకామె అప్పుడే గోతిలోంచి పైకెక్కి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ, చెప్పుల్లేని కాళ్లతో ఆ సంచుల వైపు వస్తోంది.

"అమ్మా, అక్కడే ఆగండి" అన్నారు మేస్త్రి గారు. గొంతు పెంచలేదు కానీ ఆమె ఆగిపోయింది.

"భోజనాలకు లేచామండి. పన్నెండున్నర అయ్యుంటదని."

"ఈ సంచులు ఇక్కడ ఎవరు తగిలించారమ్మా?"

"మేమేనండి. కింద పెడితే తడిసిపోతన్నాయండి. ఇవి కొక్కేల్లాగ బావున్నాయని తగిలించాం. తప్పాండి?"

ఆయన టెస్టరుతో చూసి, తీగల్లో కరెంటు లేదని ఖాయం చేసుకున్నాక, ఒక్కో సంచీ తీసి ఎవరిది వాళ్లకు అందించారు. "తప్పేం లేదమ్మా. మీకెలా తెలుస్తుంది. వెళ్లి ఆ షెడ్డులో కూర్చుని తినండి" అన్నారు. వాళ్లు వెళ్లాక నా వైపు తిరిగి, "టేపుందా?" అన్నారు.

చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. అయిదు రోజులుగా అక్కడే ఉంది. మూడు కొసలకూ చుట్టాను. నా కళ్లలో నీళ్ల వల్ల చుట్టు సరిగ్గా పడక, ఒకదానికి రెండుసార్లు విప్పి చుట్టాల్సి వచ్చింది. ఆయన తొందరపెట్టలేదు.

తర్వాత ప్యానెల్ గదికి వెళ్లాం. ఆయన మూత తెరిచి, లోపల ఉన్న రెండు ఫ్యూజులనూ చూశారు. ఆ సంగతి నేను గేటు దగ్గర చెప్పలేదు.

"రెండు పెట్టావా?"

"పెట్టానండి."

"మూడోది?"

గుప్పిట విప్పి చూపించాను. చెమటకు తడిసిపోయి ఉంది. ఆయన దాన్ని తీసుకుని సంచిలో వేసుకున్నారు. నాకేసి చూడకుండా, "రెండున్నా చాలమ్మా మనిషి పోవడానికి. నువ్వు స్విచ్ వేయలేదు, అది మన అదృష్టం" అన్నారు. మిగతా రెండూ పీకేశారు. మూత వేస్తూ, "నాదీ తప్పే. నువ్వు చుట్టానన్నావు, నేను వెళ్లి చూసుకోలేదు. నినాదాలంటే నాకూ సరదానే" అన్నారు.

అక్కడే ఎదురుచూస్తున్న ఇంజనీరు గారు, మేస్త్రి గారు జరిగింది చెప్పాక, కన్వేయర్ దగ్గరికి వెళ్లి చూసి వచ్చారు. తిరిగొచ్చి ప్యానెల్ గది గుమ్మం మీద కూర్చుండిపోయారు. "పన్నెండుకల్లా వాళ్లను పైకి పంపేయమని కాంట్రాక్టరుతో చెప్పానండి. చెప్పాను. వెళ్లారో లేదో చూడలేదు" అని మేస్త్రి గారితో అన్నారు. అలా ఆ గదిలో ముగ్గురం మిగిలాం. ముగ్గురిలో ఒకళ్లం కూడా వెళ్లి చూడలేదు.

రెండింటికి రైతులు ట్రాక్టర్ల మీద వచ్చారు. మేనేజరు గారు ఏం చెబుదామనుకున్నారో తెలియదు గానీ, ఇంజనీరు గారు ముందుకెళ్లి, కన్వేయర్ ఇవాళ తిప్పడం లేదండి, తిప్పితే మనుషులు పోయేవాళ్లండి అని ఉన్నదున్నట్టు చెప్పేశారు. తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన, "చెరకు నాలుగు రోజులు ఆగుద్ది లెండి. ఆ గేటు బయటోళ్లతో ముందు మాట్లాడండి. మాకు అది చాలు" అన్నాడు. ఆ మాట మేనేజరు గారి మీద ఎంత పనిచేసిందో నాకు తెలియదు. చర్చలకు పిలుపు మాత్రం రెండు రోజుల్లో వచ్చింది.

ఆ సాయంత్రమే పందిట్లో కమిటీ కూర్చుంది. మేస్త్రి గారి మీద ఫిర్యాదు. నన్నూ పిలిచారు. చివర ఒక బెంచీ మీద కూర్చున్నాను.

"ఆయన చేసింది మంచి పనే" అన్నారు కార్యదర్శి గారు. "నలుగురి ప్రాణాలు. కాదనలేం. కానీ గేటు దాటొద్దని తీర్మానం చేసింది మనమే. ఆయనా చెయ్యెత్తారు. కమిటీ మెంబరుకు ఒక రూలు, సీజను కార్మికుడికి ఒక రూలు అంటే ఎవరు వింటారు?"

"నేను లోపల పని చేయలేదండి. వదిలేసి వచ్చిన పని ముగించుకొచ్చాను" అన్నారు మేస్త్రి గారు. "అయినా మీరన్నది నిజమే. దాటాను. శిక్ష వేయండి."

నాకు ఆగలేదు. లేచి, తప్పు నాదని, ఆయన్ని ఏమీ అనొద్దని చెప్పబోయాను. కార్యదర్శి గారు చేయి అడ్డం పెట్టి, "కూర్చోమ్మా. నిన్ను శిక్షిద్దామన్నా నువ్వు మెంబరువి కాదు" అన్నారు. అందరూ నవ్వారు. మేస్త్రి గారూ నవ్వారు. ఆయన్ని ఆరు నెలలపాటు కమిటీ నుంచి పక్కన పెట్టారు. శిక్ష ఖాయమయ్యాక ఆయనే లేచి, "ఇంకో తీర్మానం రాయండి. ఇక మీదట సమ్మెకు బయటికొచ్చే ముందు, ఫ్యూజులు పీకినవాడు తన పని భద్రం చేసి, తన కళ్లతో చూసుకుని రావాలి. అందుకు పది నిమిషాలు ఆలస్యమైనా సరే" అన్నారు. ఆ తీర్మానానికి అడ్డు చెప్పినవాళ్లు లేరు. నేను పనిచేసిన అన్నేళ్లలోనూ మా దగ్గర ఆ నియమం తప్పలేదు.

పదకొండో రోజున సమ్మె ముగిసింది. అడిగినవాళ్లందరినీ కాకపోయినా, పదేళ్లు దాటిన సీజను కార్మికులను పర్మనెంటు చేశారు. ఇంజనీరు గారు నా రికార్డు మీద సంతకం పెట్టారు. పెట్టేటప్పుడు, "ఆ రోజు నువ్వు నా మాట విని ఉంటే?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పుస్తకం మూసి ఇచ్చేశారు.

యూనియన్ ఉన్న చోటా, లేని చోటా అంటే నేనేం చెప్పను. యూనియన్ లేని ఫ్యాక్టరీలోనూ తర్వాత నేను ఏడేళ్లు చేశాను. రెండు చోట్లా మంచి మేస్త్రులున్నారు, రెండు చోట్లా వెళ్లి చూడనివాళ్లున్నారు. నీ అబద్ధం నీ నోటితోనే ఒప్పుకునేదాకా నిన్ను ఓపిగ్గా భరించే మనిషి ఎక్కడ ఉంటే అక్కడ చేరు. అటువంటి మనిషి ఉన్నాడో లేదో చేరిన మొదటి రోజున తెలియదు. అదొక్కటే ఇబ్బంది.

నా మటుకు నాకు ఆ శిక్ష బాగా కలిసొచ్చింది. అంతకుముందు షిఫ్టు అవగానే మేస్త్రి గారు కమిటీ మీటింగులకు వెళ్లిపోయేవారు. ఇప్పుడు ఆయనకు సాయంత్రాలు ఖాళీ. నా బస్సు ఆరింటికి. అయిదు నుంచి ఆరు దాకా సైకిల్ స్టాండు పక్కనున్న సిమెంటు బెంచీ మీద కూర్చోబెట్టి, నా నోటుబుక్కులో బొమ్మలు గీస్తూ పాఠం చెప్పేవారు. మోటారు ఎలా కాలుతుంది, కాలబోయే ముందు ఏ వాసన వస్తుంది, ఏ చప్పుడును నమ్మాలి, ఏది నమ్మకూడదు. ఐటీఐలో రెండేళ్లు చదివినా ఎక్కని సంగతులు ఆ బెంచీ మీద ఎక్కాయి. వెళ్లేముందు ఎప్పుడూ ఒక తప్పుడు బొమ్మ గీసి, అందులో తప్పు ఎక్కడుందో ఇంటి దగ్గర వెతకమనేవారు. బస్సులో నేను అది వెతుకుతూ నా స్టాపు దాటిపోయిన రోజులున్నాయి.

ఆరు నెలలు గడిచాయి. ఒకరోజు అయిదున్నరకు కార్యదర్శి గారు స్వయంగా సైకిల్ స్టాండు దగ్గరికి వచ్చారు. నా పరీక్షకు ఇంకా అయిదు వారాలుంది. ఒళ్లో నోటుబుక్కు తెరిచి ఉంది.

"మేస్త్రి గారూ, మీ శిక్ష నిన్నటితో అయిపోయిందండి. రేపు సాయంత్రం మీటింగు. మీ కుర్చీ ఖాళీగానే ఉంచాం" అన్నారు.

మేస్త్రి గారు నా నోటుబుక్కులోకి చూశారు. పెద్ద మోటార్లను మొదలుపెట్టే స్టార్-డెల్టా స్టార్టర్ బొమ్మ సగంలో ఉంది.

"స్టార్-డెల్టా ఇంకా అవలేదండి. ఇంకో నెల పొడిగించండి."

"ఏ తప్పు చేశారని పొడిగించమంటారు?"

"మీకు తోచింది ఏదో ఒకటి రాసుకోండి" అని, మేస్త్రి గారు పెన్సిల్ అందుకుని మిగతా సగం గీయడం మొదలుపెట్టారు.